పప్పు చల్లారిపోతోందట

స్పెయిన్‌లోని ఒక భాషా పాఠశాలలో ఇంటర్న్‌గా చేరిన రెండో రోజు మధ్యాహ్నం రెండున్నరకు ఫోను మోగింది. అందరూ భోజనాలకు వెళ్లారు. రిసెప్షన్ బల్ల దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను. ముందు రోజు నేర్పిన పలకరింపు వాక్యాన్ని ఎక్కడా తడబడకుండా అప్పజెప్పాను. అవతల ఒక పెద్దావిడ. ఊపిరి తీసుకోవడానికైనా ఆగకుండా నిమిషం పాటు మాట్లాడింది. అందులో నాకు చిక్కిన మాట ఒకే ఒక్కటి: ‘లెంతేఖాస్’. అంటే పప్పు, మన పొట్టు మసూర్ పప్పు లాంటిది. నేను ‘సీ, సీ’ అన్నాను, అంటే అవును, అవును అని. ఆవిడ ఇంకో నిమిషం మాట్లాడి పెట్టేసింది. నోటు పుస్తకంలో తేదీ వేసి, పక్కన ‘పప్పు’ అని తెలుగులో రాసుకుని కూర్చున్నాను.

అకడమిక్ డైరెక్టర్ తిరిగి రాగానే, ఎవరో పప్పు గురించి ఫోను చేశారని చెప్పాను. ఆమె గోడ గడియారం వంక చూసి, ‘ఈరోజు మంగళవారం కదూ’ అని తనలో తను అనుకుంటూ మెట్లెక్కి వెళ్లింది. పై గదిలో చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్న ఒక జర్మన్ కుర్రాడిని కిందకు తోలుకొచ్చింది. అతనికి బస ఇచ్చిన ఇంటావిడ ప్రతి మంగళవారం పప్పు వండుతుంది. రెండింటికి రావలసిన పిల్లవాడు రాలేదు, పప్పు చల్లారిపోతోంది, ఇదేం మర్యాద అని ఆవిడ ఫిర్యాదు.

అప్పటికి నేను హైదరాబాదులో స్పానిష్ ఎం.ఎ. రెండో ఏడాదిలో ఉన్నాను. ఢిల్లీ వెళ్లి స్పానిష్ ఎంత వచ్చో తేల్చే డెలె పరీక్ష బి2 స్థాయిలో రాసి పాసయ్యాను కూడా. పదిహేడో శతాబ్దపు స్పానిష్ నాటకాల మీద సెమినారులో పత్రం చదివి చప్పట్లు కొట్టించుకున్న మనిషిని. పప్పు చల్లారిపోతోందన్న ముక్క మాత్రం పట్టుకోలేకపోయాను.

2024 ఫిబ్రవరి మొదటి వారం నుంచి జూన్ ఆఖరు దాకా స్పెయిన్‌లోని సలమాంకాలో ఒక భాషా పాఠశాలలో ఇంటర్న్‌షిప్ చేశాను. ఆ స్కూలు పేరు చెప్పను, ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. ఊరి పేరు చెప్పకపోతే మాత్రం కుదరదు. 1218లో మొదలైన విశ్వవిద్యాలయం ఉన్న ఊరు అది. స్పానిష్ భాషకు మొట్టమొదటి వ్యాకరణాన్ని నెబ్రిఖా అనే పండితుడు 1492లో అచ్చు వేయించింది అక్కడే. ఆ చరిత్ర పుణ్యమా అని ఇప్పటికీ ఆ ఊరు పరదేశీయులకు స్పానిష్ నేర్పి బతుకుతోంది. నడిచి అరగంటలో దాటేయగల పాత ఊళ్లో ఏ సందు తిరిగినా ఒక స్కూలు బోర్డు కనిపిస్తుంది.

అక్కడికి చేరడం మాత్రం నడకంత తేలిక కాలేదు. ముందు సంవత్సరం ఆగస్టులో సలమాంకా, గ్రనాదా, మాలగా, వలెన్సియాలలోని ముప్పై ఒక్క స్కూళ్లకు ఈమెయిళ్లు రాశాను. జవాబులు నాలుగే వచ్చాయి. ఒకరు ఖాళీ లేదన్నారు. ఒకరు నన్ను ఒక మధ్యవర్తి సంస్థకు అప్పజెప్పారు, వాళ్లు ‘ఏర్పాటు రుసుము’ కింద అడిగిన మొత్తం నా విమానం టిక్కెట్టు కన్నా ఎక్కువ. మూడోవారు ‘మీకు ఎరాస్ముస్ ఉందా?’ అని ఒక్క వాక్యం రాశారు. ఐరోపా విద్యార్థులు ఇలాంటి శిక్షణకు వెళ్తే వాళ్ల యూనియన్ ఇచ్చే ఆర్థిక సాయం పేరు అది. లేదన్నాక ఆ మూడోవారు మళ్లీ పలకలేదు. నాలుగోది ఈ స్కూలు. వీడియో కాల్‌లో ఇరవై నిమిషాలు మాట్లాడారు. జీతం లేదని మొదటి నిమిషంలోనే చెప్పేశారు, అది నాకు నచ్చింది.

స్పెయిన్‌లో ఇంటర్న్ అమ్మాయిని ‘బెకారియా’ అంటారు. ‘బేకా’ అంటే స్కాలర్‌షిప్పు, అది పొందేది బెకారియా. నాతో పాటు అక్కడ ఇద్దరు ఇంటర్న్‌లు ఉండేవారు, ఒకమ్మాయి ఇటలీ నుంచి, ఇంకొకమ్మాయి పోలండ్ నుంచి. వాళ్లకు ఎరాస్ముస్ డబ్బు వస్తుంది కాబట్టి ఆ మాట వాళ్లకు అతుకుతుంది. నా బేకా మాత్రం విజయవాడలో అమ్మ గాజుల మీద తీసుకున్న బ్యాంకు అప్పు.

ఈ వ్యవహారానికి మూలకాగితం ‘కొన్వేనియో’. మన విశ్వవిద్యాలయం, ఆ స్కూలు, విద్యార్థి, ముగ్గురూ సంతకం పెట్టే ఒప్పందం. ఎన్ని గంటలు, ఏ పనులు, పర్యవేక్షించేది ఎవరు, బీమా ఎవరిది, అన్నీ అందులో ఉండాలి. అది లేకపోతే వీసా అడగడానికి ఆధారమే లేదు. వాళ్లు స్పానిష్‌లో పంపారు. మా దగ్గర సంతకం పెట్టవలసినవారికి స్పానిష్ రాదు, రాని భాషలో ఉన్న కాగితం మీద ఎలా సంతకం పెడతామన్నారు. న్యాయమైన మాటే. ఎడమ వైపు స్పానిష్, కుడి వైపు ఇంగ్లిషు ఉండేలా మళ్లీ తయారు చేయించుకునేసరికి ఐదు వారాలు గడిచాయి. ఎవరైనా వెళ్లదలచుకుంటే మొదటి రోజే రెండు భాషల్లో అడగండి.

తరువాత డిగ్రీ పత్రాలకు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఆ పైన అవి విదేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర. ఆ పైన వాటికి స్పానిష్ అనువాదం. ఇక్కడే నాకు కడుపు మండింది. స్పానిష్‌లో ఎం.ఎ. చదువుతున్న నేను నా మార్కుల పట్టీని అనువదిస్తే చెల్లదు. స్పెయిన్ విదేశాంగ మంత్రిత్వ శాఖ గుర్తించిన ప్రమాణ అనువాదకులే చేయాలి. పేజీకి ఇంత అని కట్టి చేయించుకున్నాను. వచ్చిన అనువాదాన్ని ఎర్ర కలంతో దిద్దుదామని ఆశగా చదివాను. తప్పు ఒక్కటీ దొరకలేదు.

వీసా కోసం డబ్బు చూపించాల్సింది నెలకు 600 యూరోలు. స్పెయిన్ ప్రభుత్వం దేనికైనా కొలతగా వాడే ఇప్రేమ్ అనే సూచిక ఉంది, ఆ ఏడాది అది నెలకు 600. ఐదు నెలలకు మూడు వేల యూరోలు, అప్పటి లెక్కన రెండు లక్షల డెబ్బై వేల రూపాయలు. అది నాన్నగారి ఖాతాలో ముందు నుంచే ఉన్నట్టు కనబడాలి, గబుక్కున వచ్చి పడినట్టు ఉండకూడదు. ఆరు నెలలకు మించి ఉంటే పోలీసు ధ్రువపత్రం, వైద్య ధ్రువపత్రం, అక్కడికి వెళ్లాక విదేశీయుల గుర్తింపు కార్డు, ఇవన్నీ అదనం. అందుకే నేను ఐదు నెలలకే ఒప్పుకున్నాను. వీసా వచ్చిన రోజు అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది, నేను విమానం టిక్కెట్టు కొన్నాను.

హైదరాబాదు నుంచి దోహా మీదుగా మాడ్రిడ్, విమానాశ్రయం నుంచి నేరుగా బస్సు. సలమాంకా ఎనిమిది వందల మీటర్ల ఎత్తున ఉందని తెలుసు కానీ, ఎత్తంటే చలి అని ఒంటికి తెలియదు. రాత్రి దిగేసరికి చెవులు కోసుకుపోయాయి. స్కూలు వాళ్ల జాబితాలోని ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాను. ఆమె ఇంట్లో ఒక గుండ్రటి బల్ల, దాని మీద నేల దాకా వేలాడే దళసరి గుడ్డ, బల్ల కింద కరెంటు కుంపటి. కాళ్లు ఆ గుడ్డ లోపల పెట్టుకుని కూర్చోవాలి. అన్నం, చదువు, టీవీ, కునుకు అన్నీ అక్కడే. మార్చి మధ్య దాకా నేను ఆ ఇంట్లో చూసిన లోకం ఆ గుడ్డ వైశాల్యమంతే.

మొదటి రోజు స్కూలు కంప్యూటర్లో నా వివరాలు ఎక్కిస్తుంటే ఒక గడి దగ్గర ఆగిపోయాం. మొదటి ఇంటిపేరు సరే. రెండో ఇంటిపేరు? అది ఖాళీగా వదిలితే ఆ ప్రోగ్రాం ముందుకు పోదు. స్పెయిన్‌లో పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు, పిల్లలకు తల్లిదండ్రులిద్దరి ఇంటిపేర్లూ వస్తాయి. విదేశీయులు వస్తే అక్కడ చుక్క పెడతారట. నాకేం బుద్ధి పుట్టిందో, అమ్మ పుట్టింటి ఇంటిపేరు చెప్పాను. రిసెప్షనిస్టు కొట్టింది, ప్రోగ్రాం సంతోషంగా తీసుకుంది. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో అమ్మ ఆ పేరు రాసిన సందర్భం నేనెరగను. సలమాంకాలో ఒక రిజిస్టరులో అది నా పేరు వెనక వచ్చి కూర్చుంది. ఊరి పేరు మాత్రం వాళ్లకు కొరుకుడు పడలేదు. ‘వి’ని ‘బి’ అని, ‘జ’ రాసే అక్షరాన్ని ‘ఖ’ అని పలుకుతారు కాబట్టి మా విజయవాడ ఐదు నెలలూ ‘బిఖాయవాదా’గానే ఉండిపోయింది.

ఇక పని. ఒప్పందంలో రాసింది: తరగతుల పరిశీలన, బోధన సామగ్రి తయారీ, విద్యార్థుల కార్యక్రమాలకు సహాయం. మొదటి మూడు వారాలు నేను చేసింది: ఫొటోకాపీలు, ఫోను, కాఫీ యంత్రంలో గింజలు నింపడం, సోమవారం కొత్తగా వచ్చినవారికి స్థాయి పరీక్ష పత్రాలు పంచడం, శుక్రవారం వెళ్లిపోయేవారికి ధ్రువపత్రాలు అచ్చు వేయడం. పని తక్కువదని కాదు. ఒక భాషా పాఠశాల నిజంగా నడిచేది ఆ బల్ల దగ్గరే. ఏ ఇంట్లో పిల్లి ఉంది, ఏ విద్యార్థికి పిల్లి బొచ్చు పడదు, ఎవరికి గ్లూటెన్ కూడదు, ఎవరు రాత్రి తొమ్మిదిన్నర దాకా భోజనానికి ఆగలేరు, ఇవన్నీ కలిపి లెక్క కుదర్చడం ఒక పెళ్లిళ్ల పేరయ్య పని. కానీ తరగతి గది తలుపు మాత్రం నాకు తెరుచుకోలేదు. ఇటలీ అమ్మాయి కూడా నాలాగే గొణిగేది. ‘మనం ముగ్గురం లేకపోతే వీళ్లు ఇంకొకరికి జీతం ఇవ్వాలి’ అని ఆమె అన్న మాటలో అబద్ధం లేదు. స్కూలు పేరు ఎందుకు చెప్పనన్నానో ఇదే కారణం.

నాలుగో వారం ధైర్యం చేసి డైరెక్టర్ దగ్గరకు ఒప్పందం కాగితం పట్టుకుని వెళ్లాను. వెళ్లే ముందు రాత్రంతా వాక్యాలు వల్లె వేశాను. ఆ వాక్యాల్లో ప్రతి దానిలోనూ ‘ఉస్తేద్’ ఉంది. స్పానిష్‌లో తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు. ఆమెకు అరవై ఏళ్లు, మా పెద్దమ్మ వయసు. నేను రెండో వాక్యంలో ఉండగానే ఆమె చెయ్యెత్తి ఆపింది. ‘ఇంకొక్కసారి ఉస్తేద్ అన్నావంటే నేను ముసలిదాన్నయిపోతాను, తూ అను’ అంది. స్పెయిన్‌లో ఈ రోజుల్లో తూ అనడమే వాడుక, ఉస్తేద్ అంటే దూరం పెట్టినట్టు. అది పుస్తకంలో నేనూ చదివాను. చదివినంత మాత్రాన నోరు ఊరుకుంటుందా? పెద్దావిడను నువ్వు అనలేక, ఆమె వద్దన్నాక మీరు అనలేక, కర్త లేని వాక్యాల్లో, క్రియ తెగిన వాక్యాల్లో నా ఫిర్యాదు మొత్తం వినిపించాను. ఆమెకు అది వినయంగా తోచిందో, పిచ్చిగా తోచిందో తెలియదు. ‘రేపు పదకొండింటికి ఎ1 తరగతికి వెళ్లి వెనక కూర్చో’ అంది. మే నెల దాకా ఆమెతో నేను ఆ నడిమి భాషే మాట్లాడాను.

ఎ1 అంటే ఓనమాల తరగతి. తొమ్మిది మంది. ముగ్గురు అమెరికన్లు, ఇద్దరు జర్మన్లు, ఇద్దరు జపనీయులు, ఒక కొరియా అమ్మాయి, ఒక డచ్చి పెద్దాయన. ఆ రోజు పాఠం ‘మె గుస్తా’. కాఫీ అంటే ఇష్టమని చెప్పాలంటే స్పానిష్‌లో ‘మె గుస్తా ఎల్ కాఫే’ అనాలి. అమెరికన్ కుర్రాడు ‘యో గుస్తో’ అంటాడు, అంటే నేను నచ్చుతాను అన్నట్టు. టీచరు దిద్దుతుంది, వాడు మళ్లీ అదే అంటాడు. కాఫీని ఇష్టపడేది నేను కదా, మరి నేను కర్తను ఎందుకు కాకూడదు అని వాడి మొర. టీచరు విసిగి, వెనక కూర్చున్న నన్ను చూసి, మీ భాషలో ఎలా అంటారు అని అడిగింది, ఊరికే, కాస్త ఊపిరి తీసుకోవడానికి.

నేను లేచి బోర్డు మీద రాశాను: నాకు కాఫీ నచ్చుతుంది. ఒక్కొక్క మాట కింద స్పానిష్ వేశాను. నాకు, మె. నచ్చుతుంది, గుస్తా. కాఫీ, ఎల్ కాఫే. రాస్తుండగానే నా చెయ్యి ఆగింది. పక్కన ఇంకో వాక్యం రాశాను: నాకు పాటలు నచ్చుతాయి. మె గుస్తాన్ లాస్ కన్సియోనెస్. పాటలు బహువచనమైతే క్రియా బహువచనమే. నచ్చుతుంది, నచ్చుతాయి. గుస్తా, గుస్తాన్. అచ్చు గుద్దినట్టు ఒకటే. నాలుగేళ్లుగా స్పానిష్ చదువుతున్నాను, ఈ వాక్యాన్ని ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు, ఎందుకు చెప్పలేదో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మాకు స్పానిష్ నేర్పిన పుస్తకాలన్నీ ఇంగ్లిషు మీదుగా నేర్పినవి. ‘ఇది చాలా వింత నిర్మాణం, జాగ్రత్త’ అని అవి హెచ్చరిస్తే, నేనూ వింతేనని నమ్మి తలూపాను. అమ్మ కడుపులోంచి తెచ్చుకున్న వాక్యానికి వింత అని ఇంకొకరు పేరు పెడితే ఒప్పుకున్నాను. తల నొప్పిగా ఉంటే ‘మె దుయేలే లా కబేథా’. నాకు తల నొస్తోంది. ఇదీ మనదే.

టీచరు కళ్లు మెరిశాయి. తరువాతి వారం తనే పిలిచింది, ‘సేర్’, ‘ఎస్తార్’ చెబుతున్నాను, వచ్చి కూర్చో అని. ఇంగ్లిషులో ఒక్క క్రియతో పోయే చోట స్పానిష్‌లో ఈ రెండు ఉంటాయి. ఏది ఎక్కడ వాడాలో పరదేశీయులకు ఏళ్ల తరబడి తేలదు. నేను ముందు రోజు రాత్రి కుంపటి బల్ల దగ్గర కూర్చుని తెలుగు వాక్యాలు రాసుకుంటూ పోయాను. ఆమె టీచరు: క్రియ లేదు. స్పానిష్‌లో సేర్. ఆమె ఇంట్లో ఉంది: ఉంది. స్పానిష్‌లో ఎస్తార్. సూపు చల్లగా ఉంది: ఉంది, ఎస్తార్. మాది విజయవాడ: క్రియ లేదు, సేర్. మనం క్రియ మింగేసే చోట సేర్, ‘ఉంది’ అనే చోట ఎస్తార్. అన్ని చోట్లా పొసగదు, నాకు తెలుసు. ‘అతను పొడుగు’ అన్నా ‘పొడుగ్గా ఉంటాడు’ అన్నా వాళ్లకు సేరే. కానీ ఒక మూల మాత్రం నన్ను నిద్ర పోనివ్వలేదు. ఏ వస్తువు ఎక్కడుందో చెప్పడానికి ఎస్తార్ అని నేర్పి, చివర్లో ఒక మినహాయింపు చెబుతారు: పెళ్లి, సభ, విందు లాంటివి ఎక్కడ జరుగుతాయో చెప్పాలంటే మాత్రం సేర్. ఎందుకయ్యా అంటే అది అంతే అంటారు. మనం ‘పుస్తకం ఇంట్లో ఉంది’ అంటాం. ‘పెళ్లి ఎక్కడ?’ అంటే ‘పెళ్లి తిరుపతిలో’ అంటాం. క్రియ లేదు! లా బోదా ఎస్ ఎన్ తిరుపతి.

అర్ధరాత్రి దాటింది. ఈ సంగతి ఎవరికైనా చెప్పకపోతే బతకలేననిపించి ఇంటికి ఫోను చేశాను. అక్కడ తెల్లవారి ఐదు. అమ్మ కంగారుగా ఎత్తింది. ‘అమ్మా, పెళ్లి తిరుపతిలో అంటాం కదా’ అన్నాను. ఒక క్షణం నిశ్శబ్దం. ‘ఎవరితోనే?’ అంది.

ఆ తరువాత వారానికి రెండు తరగతులు నావయ్యాయి. ‘త’, ‘ద’ పలకడంలో కూడా మనవాళ్లకు తంటా లేదు. స్పానిష్‌వి పళ్లకు నాలుక తగిలే అక్షరాలే. ఇంగ్లిషు వాళ్లు ‘ట’, ‘డ’ దగ్గర చిక్కుకుంటారు. ‘పెరో’ అంటే కానీ, ‘పెర్రో’ అంటే కుక్క. ఆ రెండో ‘ర’ చెప్పడానికి జపాన్ విద్యార్థులు కన్నీళ్లు పెట్టుకునేవారు. మన బండి ఱ గుర్తొచ్చి, ఒకప్పుడు మా భాషలోనూ రెండు ‘ర’లు ఉండేవి, ఒకదాన్ని పోగొట్టుకున్నాం అని చెప్పాను. ఎలా పోయిందని కొరియా అమ్మాయి అడిగింది. చెప్పలేకపోయాను.

నా గొప్పే చెప్పుకుంటున్నట్టుంది, నేను బోర్లా పడిన చోట్లూ ఉన్నాయి. వస్తువులకు లింగం దగ్గర నేను ఎప్పటికీ దిద్దుకోని మొద్దును. మనకు చెయ్యి అయినా సమస్య అయినా ‘అది’. స్పానిష్‌లో చెయ్యి (మానో) ఆడది, సమస్య (ప్రొబ్లేమా) మగది. మామూలుగా ‘ఓ’తో ముగిసేవి మగవి, ‘ఆ’తో ముగిసేవి ఆడవి కాబట్టి రెండింటి ముఖం చూస్తే తిరగేసి అనిపిస్తుంది. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది అని ఆడవాళ్లకూ బస్సుకూ ఒకే క్రియతో సరిపెట్టే భాష మాది అని మాత్రం ఎవరికీ చెప్పలేదు, ముఖ్యంగా డైరెక్టర్‌కు. కోరికలకూ సందేహాలకూ వాడే క్రియారూపాలు కాగితం మీద వచ్చు, ఫోనులో రావు.

అన్నిటికన్నా పెద్ద తప్పు మార్చిలో జరిగింది. మాడ్రిడ్ నుంచి వచ్చే విద్యార్థులను బస్టాండులో కలుసుకునే జాబితా తయారు చేసే పని నాది. ఒక బ్రెజిల్ అమ్మాయి, పందొమ్మిదేళ్లు, ‘ఆదివారం 3వ తేదీ, 00:15’ అని రాసింది. నేను దాన్ని ఆదివారం రాత్రి గడిలో వేశాను. మన బుర్రలో తెల్లవారితేనే రోజు మారేది, శనివారం రాత్రి పన్నెండుంబావు ఇంకా శనివారం రాత్రే. ఆ పిల్ల చెప్పిన ఆదివారం శనివారం నడిరాత్రి వచ్చేసింది. బస్టాండులో ఎవరూ లేరు, చలి సున్నా దగ్గర. అత్యవసర ఫోను ఆ వారం డైరెక్టర్ దగ్గర ఉంది. రాత్రి దుస్తుల మీద కోటు తగిలించుకుని ఆమే వెళ్లి ఆ పిల్లను ఇంటికి చేర్చింది. సోమవారం నేను తలవంచుకుని నిలబడితే తిట్టలేదు. జాబితా తెప్పించి, పన్నెండు దాటిన రాకలన్నిటి పక్కన ‘శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం’ అన్నట్టు రెండు రోజుల పేర్లూ రాయించింది. నేను ఉన్నంత కాలం ఆ జాబితా అలాగే నడిచింది. బ్రెజిల్ అమ్మాయి మాత్రం నెల రోజులు నన్ను చూసినప్పుడల్లా పళ్లు టకటకలాడించి నవ్వేది.

సోమవారాలు కొత్తవారిని ఊరు చూపించడానికి తీసుకెళ్లే పని కూడా క్రమంగా నా మీద పడింది. విశ్వవిద్యాలయం ముఖద్వారం మీద రాతి చెక్కడాల్లో ఒక పుర్రె, దాని మీద ఒక కప్ప ఉంటుంది. ఎవరి సాయం లేకుండా దాన్ని కనుక్కున్న విద్యార్థి పరీక్ష పాసవుతాడని నమ్మకం. కొత్త కథీడ్రల్ ద్వారం మీద ఒక వ్యోమగామి ఉంటాడు. 1992లో మరమ్మతులు చేసినప్పుడు ఆ కాలపు గుర్తుగా చెక్కారు, పాత శిల్పులు భవిష్యత్తు చూశారని నమ్మే యాత్రికులు ప్రతి గుంపులో ఒకరైనా ఉంటారు. గోడలంతా ఆల్చిప్పలు చెక్కిన ఇల్లు ఒకటి ఉంది, అది ఇప్పుడు ప్రజా గ్రంథాలయం. నా మధ్యాహ్నాలన్నీ అక్కడే గడిచాయి, వెచ్చగా ఉంటుంది, పైసా అడగరు. సాయంత్రం ఊరి పెద్ద కూడలి ప్లాథా మయోర్‌లో కూర్చుంటే పొద్దు వాలుతున్న కొద్దీ చుట్టూ ఉన్న కట్టడాల రాయి తేనె రంగులోకి మారుతుంది. కప్ప సంగతి చెప్పలేదు కదూ? నేను కనుక్కోలేదు. ఇటలీ అమ్మాయి వేలెత్తి చూపించింది.

తిండి గురించి రెండే మాటలు. చుట్టుపక్కల అంతా పంది మాంసం దేశం, నేను తినను. గుడ్లు, చేపలు, బంగాళాదుంపలతో నెట్టుకొచ్చాను. ముసలావిడ గురువారం చేసే శనగల కూరలో అమ్మ పంపిన గోంగూర పచ్చడి కలుపుకుంటే ఆమె రుచి చూసి, మొహం ముడిచి, మళ్లీ చెంచా చాపింది.

ఈస్టర్ తరువాతి వారం దాటాక, ఏప్రిల్ 8న, ‘లూనెస్ దె ఆగువాస్’ వచ్చింది. ఉపవాసాల రోజుల్లో వేశ్యలను తోర్మెస్ నది అవతలికి పంపించేయాలని రెండో ఫిలిప్ రాజు ఆజ్ఞ ఇచ్చాడని, ఆ గడువు ముగిసిన సోమవారం విద్యార్థులు పడవలేసుకుని వెళ్లి వాళ్లను సంబరంగా తీసుకొచ్చేవారని కథ. ఇప్పుడు ఊరు ఊరంతా పిల్లాపాపలతో నది ఒడ్డున గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని భోజనాలు చేస్తారు, అచ్చం మన కార్తీక వనభోజనాల్లాగే. మూలం ఏమిటని బామ్మలెవరూ మనవలకు వివరంగా చెప్పరు. గుంపుకు ఆ కథ చెప్పాల్సిన బాధ్యత నాది. గొంతు తగ్గించి, క్రియలు మింగి చెప్పాను. డచ్చి పెద్దాయన, సరిగ్గా వినబడలేదు, మళ్లీ చెప్పమన్నాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఫోను మోగితే ఎత్తి ‘చెప్పండి’ అన్నాను. పప్పు పెద్దావిడ. ఈసారి నీళ్ల గొట్టం పగిలింది, విద్యార్థినిని రెండు రోజులు వేరే ఇంట్లో పెట్టాలి, ఆ పిల్ల బట్టలు తడిశాయి, తన తప్పేమీ లేదు. అంతా విని, ఇంకో ఇంటికి ఫోను చేసి, టాక్సీ పిలిచి, అన్నీ కుదిర్చాక గానీ గుర్తు రాలేదు, నేను మధ్యలో ఒక్క మాటకు కూడా ‘మళ్లీ చెప్పండి’ అనలేదని. ఫోను పెట్టే ముందు ఆవిడ, నువ్వు కొత్తగా వచ్చావా, ఇంతకు ముందు ఇంకో అమ్మాయి ఉండేది, ఏం చెప్పినా సీ, సీ అనేది అంది. అవునండీ, ఆ అమ్మాయి వెళ్లిపోయింది అన్నాను.

మొత్తం అయిన ఖర్చు, టిక్కెట్టు, వీసా, బీమా, అనువాదాలు, గది, తిండి కలిపి నాలుగు లక్షల పైచిలుకు. ఇది దాచడం నాకు ఇష్టం లేదు. అప్పు ఇంకా తీరుతూ ఉంది. స్కూలు తిరిగి ఇచ్చింది ఒక సిఫారసు లేఖ, 480 గంటలు పూర్తి చేసినట్టు ముద్ర వేసిన ధ్రువపత్రం. శుక్రవారాలు అందరి ధ్రువపత్రాలు అచ్చు వేసిన యంత్రం మీదే నాదీ వేసుకున్నాను. కంప్యూటర్లో ఉన్న పేరే అందులో వచ్చింది: నా పేరు, నాన్న ఇంటిపేరు, అమ్మ పుట్టింటి ఇంటిపేరు.

హైదరాబాదులో దాన్ని ఆఫీసులో ఇస్తే గుమస్తా గారు పాస్‌పోర్టు పక్కన పెట్టి చూసి, ఈ మూడో పేరు ఎవరిదమ్మా అన్నారు. మా అమ్మది అన్నాను. పేరు సరిపోలితేనే మార్కుల్లో ఎక్కుతుంది, మార్పించి తెమ్మన్నారు. సలమాంకాకు ఈమెయిలు రాశాను, ఈసారి డైరెక్టర్‌ను ‘తూ’ అనే రాశాను. వారం తిరిగేసరికి కొత్తది వచ్చింది, పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఒక పేరు తక్కువగా. అది ఆఫీసులో ఇచ్చాను. పాతది అమ్మ లామినేషన్ చేయించి, బీరువాలో గాజులు ఉండాల్సిన అరలో పెట్టుకుంది.